చెంచాకీ ఐడీ అడిగిన షాపు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఇంగ్లండ్‌లో చిన్న షాపులకు లైసెన్సింగ్, వయసు తనిఖీల విషయంలో సలహాలిచ్చే పని నాది. స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇస్తాను, టెస్టులో ఫెయిలైన షాపుల కాగితాలు, పద్ధతులు సరిచేస్తాను. మామూలుగా నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే రకం: "మావాళ్లు వయసు అడగకుండా అమ్మేశారు, ఏం చేయాలి?" ఈసారి వచ్చిన ఫోన్ దానికి రివర్స్. "మావాళ్లు అడగకూడని వాళ్లందర్నీ అడుగుతున్నారు, ఆపించండి." అందుకే ఈ కేసు రాసి పెట్టుకున్నాను. ఊరు, షాపులు, మనుషుల వివరాలు తీసేశాను. ఒకటి రెండు చోట్ల షిఫ్టులు, సరుకులు కూడా మార్చాను.

యజమానికి మూడు షాపులున్నాయి. మందు, సిగరెట్లు, పాలు, బ్రెడ్డు, వంటింటి సామాను, క్లీనింగ్ సరుకు, పిల్లల స్టేషనరీ అన్నీ ఒకే కప్పు కింద దొరికే రకం. స్టాఫ్ మొత్తం ఇరవై మంది లోపే. సాయంత్రం షిఫ్టుల్లో ఎక్కువమంది చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేసేవాళ్లు, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

నాకు ఫోన్ రావడానికి ఎనిమిది నెలల ముందు, ఒక షాపు టెస్టులో ఫెయిలైంది. ట్రేడింగ్ స్టాండర్డ్స్ (షాపుల అమ్మకాల నిబంధనలు తనిఖీ చేసే స్థానిక అధికారులు) వాళ్లు 18 నిండని వాలంటీర్‌ని పంపి, కొనమని చెప్పి చూస్తారు. వయసు ఎక్కువగా కనిపించేలా తయారుచేసి పంపడం ఉండదు, మామూలు పిల్లల్లాగే వస్తారు. అలా వచ్చిన 16 ఏళ్ల కుర్రాడికి మా కేసు షాపులో కూరగాయల కత్తి అమ్మేశారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 18 లోపు వాళ్లకి కత్తి అమ్మితే నేరం. 1988 నాటి క్రిమినల్ జస్టిస్ యాక్ట్‌లో ఉన్న నిబంధన అది. మొదట్లో 16 ఏళ్లుండేది, 2007 నుంచి 18 చేశారు. ఈసారికి వార్నింగ్ లెటర్‌తో పోయింది కానీ యజమాని భయపడిపోయారు. ఆ వారమే ఒక నోటీసు అంటించారు: టిల్ (బిల్లు కొట్టే మెషిన్) మీద వయసు చూడమనే ప్రాంప్ట్ వస్తే ప్రతి కస్టమర్‌నీ ఐడీ అడగాలి, ఎవరికీ మినహాయింపు లేదు.

అంతకుముందు అక్కడ అందరికీ తెలిసిన చాలెంజ్ 25 పద్ధతే ఉండేది. అమ్మే వయసు 18, కానీ చూడ్డానికి 25 లోపు ఉన్నట్టనిపిస్తే ఐడీ అడగాలి. మనిషి మొహం చూసి వయసు చెప్పడంలో ఎవరైనా నాలుగైదేళ్లు అటూఇటూ పొరపాటు పడతారు కాబట్టి మధ్యలో ఆ ఏడేళ్ల ఖాళీ పెట్టుకున్నారు. చాలామంది దీన్ని చట్టం అనుకుంటారు. స్కాట్లండ్‌లో మందు విషయంలో 2011 నుంచి అది చట్టమే. ఇంగ్లండ్‌లో మాత్రం కాదు. మందు అమ్మే షాపుకి వయసు తనిఖీ పాలసీ ఒకటి ఉండాలని లైసెన్స్ షరతు, ఆ పాలసీలో 18 పెట్టుకోవాలా 25 పెట్టుకోవాలా అనేది షాపు ఇష్టం. విడిగా ఆ షాపు లైసెన్స్‌లోనే 25 అని రాసి ఉంటే తప్ప.

నన్ను పిలవడానికి కారణం

నోటీసు తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. మూడు మాత్రం చెప్తాను.

అరవై దాటిన ఒకాయన బ్రెడ్డు, పాలు, ఆరు టీ చెంచాల సెట్టు తెచ్చాడు. చెంచాల దగ్గర టిల్ ఆగింది. ఐడీ అడిగారు. ఆయన మొదట నవ్వాడు, జోక్ అనుకున్నాడు. టిల్ దగ్గరున్న అమ్మాయి నవ్వలేదు. బ్రెడ్డు, పాలు కూడా అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. పదేళ్లుగా రోజూ వచ్చే మనిషట, మళ్లీ రాలేదు.

వారానికి సరిపడా సరుకులతో ఒక తల్లి, పక్కన పదిహేనేళ్ల కూతురు. సరుకుల్లో ఒక వైన్ సీసా. తల్లి ఐడీ చూపించింది. "మీ అమ్మాయిది కూడా చూపించండి" అన్నారు. కూతురికి ఐడీ లేదు, వైన్ ఇవ్వలేదు.

మూడోది, పిల్లాడి స్కూల్ ప్రాజెక్ట్ కోసం మొన లేని కత్తెర కొనడానికి వచ్చిన తండ్రి. పిల్లాడు పక్కనే ఏడుస్తున్నాడు. కత్తెర ప్యాకెట్ మీద "3 ఏళ్లు పైబడిన పిల్లలకు" అని రాసుంది.

యజమాని బాధ నాకర్థమైంది. "చట్టం కోసం కస్టమర్లని పోగొట్టుకోలేను, కస్టమర్ల కోసం లైసెన్స్ పోగొట్టుకోలేను. మధ్యలో ఎక్కడ నిలబడాలో చెప్పండి" అన్నారు.

మొదట నేను పడ్డ పొరపాటు

ఫిర్యాదుల కాగితాలు తిరగేస్తే సగానికి పైగా ఒకే షాపువి, అవీ సాయంత్రం షిఫ్టువి. అక్కడి సూపర్‌వైజర్ గట్టి మనిషి. ఇంకేం, అతిగా చేస్తున్నది ఎవరో దొరికిపోయారనుకున్నాను. నా వృత్తిలో ఈ అలవాటు పోదు: పద్ధతిలో తప్పు వెతికే ముందు మనిషిని వెతుకుతాం, మనిషైతే తొందరగా దొరుకుతాడు కాబట్టి. ఆ షాపు రిఫ్యూజల్ బుక్ కూడా చూశాను. ఎవరికి ఏది అమ్మలేదో రాసే పుస్తకం అది. పేజీలు పేజీలు నిండి ఉంది. అది చూసి "కనీసం జాగ్రత్తగానైతే ఉన్నారు" అని నోట్స్‌లో రాసుకున్నాను. ఆ వాక్యం ఎంత తప్పో తర్వాత తెలిసింది.

చేసి చూసినవి, పని చేయనివి

మొదట ట్రైనింగ్ పెట్టాను. ఖర్చు తక్కువ, పైగా చట్టం మనవైపే ఉందని నా ధీమా. మందు విషయంలో 2003 లైసెన్సింగ్ యాక్ట్ సెక్షన్ 146 చదివి వినిపించాను. అమ్మిన మనిషి తప్పించుకోవడానికి అందులోనే దారి ఉంది. కొన్న వ్యక్తికి 18 నిండాయని నమ్మి ఉండాలి, దాంతోపాటు వయసు తెలుసుకోడానికి చేయగలిగిందంతా చేసి ఉండాలి, లేదంటే ఆ మనిషిని చూసిన ఎవరికీ 18 లోపు అనే అనుమానమే రాని పరిస్థితి అయుండాలి. అంటే తెల్లజుట్టు మనిషిని ఐడీ అడక్కపోతే మిమ్మల్ని ఎవరూ పట్టుకోరని చట్టమే చెప్తోంది. అందరూ తలూపారు. రెండు వారాలు ఫిర్యాదులు తగ్గాయి, మూడో వారం మళ్లీ మామూలే.

ఎందుకో తెలుసుకోవాలని టిల్ మీద పనిచేసే ఒక తెలుగు కుర్రాడితో బ్రేక్‌లో కూర్చున్నాను. అతను చెప్పింది ఇప్పటికీ నా ట్రైనింగ్‌లో వాడతాను, పేరు లేకుండా.

"అన్నా, మీరు చెప్పిందంతా అర్థమైంది. కానీ పొరపాటు జరిగితే ఫైన్ నా పేరు మీద వస్తుంది, ఓనర్ పేరు మీద కాదు. నాకు ఇంకో ఆర్నెల్లలో వీసా అప్లికేషన్ ఉంది. ఏదైనా రికార్డుకి ఎక్కితే ఏమవుతుందో నాకు తెలీదు. పెద్దాయన తిట్టుకుంటూ పోతే నాకు పోయేదేముంది?"

ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. 18 లోపు వాళ్లకి మందు అమ్మితే టిల్ దగ్గరున్న మనిషికే 90 పౌండ్ల పెనాల్టీ నోటీసు ఇవ్వచ్చు. కత్తి విషయంలో చట్టం జైలు దాకా వెళ్తుంది. అడక్కుండా అమ్మితే నష్టం వాళ్లకి, అనవసరంగా అడిగితే నష్టం షాపుకి. రెండు గంటల క్లాసుతో ఆ లెక్క మారదు. పైగా నేను క్లాసులో శిక్షల స్లైడ్ చూపించినప్పుడల్లా వాళ్లకి ఇంకాస్త టెన్షన్ ఎక్కించాను తప్ప తగ్గించలేదు.

రెండోసారి విచక్షణ వైపు వెళ్లాను. "అందర్నీ అడగాలి" అనే నోటీసు తీయించి, "మీకు అవసరమనిపిస్తే అడగండి, మీ నిర్ణయానికి నేను అండగా ఉంటాను" అని యజమానితో ఉత్తరం రాయించాను. భయం తీసేస్తే సరిపోతుందనుకున్నాను. భయం కొంచెం తగ్గిన మాట నిజమే కానీ దాని చోట గందరగోళం వచ్చింది. ఒకే మనిషిని సోమవారం అడగలేదు, బుధవారం అడిగారు. "నిన్న పెద్దవాణ్ణి, ఇవాళ చిన్నపిల్లాణ్ణి అయ్యానా?" అని ఒకాయన కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకున్నాడు. ఇంకా ఇబ్బంది పెట్టింది రిఫ్యూజల్ బుక్. వయసు గురించి రాయాల్సిన గడిలో "హుడీ వేసుకున్నాడు", "గ్రూపుగా వచ్చారు" లాంటివి కనిపించసాగాయి. వయసు చూడ్డం మానేసి మనిషి వాలకం చూడ్డం మొదలుపెట్టారన్నమాట. అది ఎటు పోతుందో నాకు తెలుసు. మూడు వారాలకే ఆపించేశాను.

జనవరి 1, 1980

అసలు విషయం అనుకోకుండా బయటపడింది. ఏ గంటలో ఎన్ని ప్రాంప్ట్‌లు వస్తున్నాయో లెక్కపెట్టాలని టిల్ కంపెనీ దగ్గర్నుంచి రిపోర్ట్ తెప్పించాను. అందులో నాకు అక్కర్లేని ఒక కాలమ్ ఉంది: కస్టమర్ పుట్టినతేదీ. ప్రాంప్ట్ వచ్చినప్పుడల్లా టిల్ పుట్టినతేదీ టైప్ చేయమంటుంది, చేస్తేనే ముందుకు కదులుతుంది.

ఆ కాలమ్‌లో దాదాపు పై నుంచి కింద దాకా 01/01/1980. స్క్రోల్ చేస్తే మళ్లీ 01/01/1980. పక్క షాపులో 01/01/1990. ఊళ్లో సగం జనం జనవరి ఒకటినే పుట్టినట్టుంది. ఒక అమ్మాయి ఖాతాలో వేరే తేదీ, అదీ ప్రతిసారీ అదే. ఏమిటమ్మా ఇది అనడిగితే సిగ్గుపడుతూ చెప్పింది: "మా అమ్మ పుట్టినరోజు సార్. తడుముకోకుండా గుర్తొస్తుంది కదా."

అప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం మూడు గంటలు టిల్ పక్కన నిలబడి చూశాను. దాదాపు ప్రతి మూడో బుట్ట దగ్గర మెషిన్ ఆగుతోంది. క్యూ పెరుగుతోంది. చేతులు వాటంతటవే తేదీ కొట్టేస్తున్నాయి. కొందరు భయానికి ఐడీ అడిగి, చూసీచూడనట్టు చూసి, అదే 1980 కొడుతున్నారు. కొందరు అలసిపోయి అడక్కుండానే 1980 కొడుతున్నారు. చెంచాలకీ అంతే, వోడ్కాకీ అంతే. కార్డు మీద తేదీ చూసి 18 నిండాయా అని మనసులో లెక్క కట్టిన మనిషి ఆ మూడు గంటల్లో నాకు ఒక్కరూ కనబడలేదు.

అప్పటికప్పుడు ఒక చిన్న పరీక్ష చేయించాను. 18, 19 ఏళ్లవాళ్లని, చూడ్డానికి ఇంకా చిన్నగా ఉండేవాళ్లని, వైన్ కొనమని పంపాను. వాళ్లకి అమ్మినా నేరం కాదు, కానీ చాలెంజ్ 25 ప్రకారం కచ్చితంగా అడగాల్సిన మొహాలు. ఆరుసార్లు వెళ్తే మూడుసార్లే అడిగారు. అరవై ఏళ్ల మనిషిని చెంచాలకి ఆపిన షాపులు ఇవే.

నోట్స్‌లో నేను రాసుకున్న "జాగ్రత్తగానైతే ఉన్నారు" అన్న వాక్యం ఆ రాత్రి కొట్టేశాను. సమస్య గట్టి సూపర్‌వైజరూ కాదు, చట్టం తెలియకపోవడమూ కాదు. టిల్ మరీ ఎక్కువసార్లు అరుస్తోంది. నాన్నా పులి కథలో పిల్లాడిలా అరిచీ అరిచీ, నిజంగా చూడాల్సిన చోట ఎవరూ చూడకుండా చేసింది.

టిల్‌లో ఏముంది?

మూడు షాపులకీ కలిపి వయసు ప్రాంప్ట్ ఉన్న సరుకుల జాబితా తీయించాం. రెండు వందల పైచిలుకు ఉన్నాయి. ఒక్కోదాని పక్కన రెండు ప్రశ్నలు రాసుకుంటూ యజమానీ నేనూ రెండు సాయంత్రాలు కూర్చున్నాం. ఇది ఎందుకుంది? ఎవరు పెట్టారు?

చాలావాటికి జవాబు "ఎవరూ పెట్టలేదు". వార్నింగ్ లెటర్ వచ్చిన వారం ఎవరో కత్తులకి ఒక్కొక్కటిగా ప్రాంప్ట్ పెట్టే ఓపిక లేక, కట్లరీ, కిచెన్ అనే గ్రూపు మొత్తానికి టిక్ పెట్టేశారు. చెంచాలు, ఫోర్కులు, చీజ్ గ్రేటర్, ఎగ్ బీటర్ అన్నీ దాంట్లోకి వచ్చేశాయి. స్ప్రే పెయింట్ 16 లోపు వాళ్లకి అమ్మకూడదు, 2003 యాంటీ సోషల్ బిహేవియర్ యాక్ట్ ప్రకారం. సరే, కానీ దానికోసం స్ప్రే డబ్బాల గ్రూపు మొత్తానికి 18 పెట్టడంతో డియోడరెంట్ కూడా ఆగుతోంది. మందు కలిసిన చాక్లెట్లకి 16 ఏళ్ల నిబంధన ఒకప్పుడుండేది, 2015లో తీసేశారు. టిల్‌లో మాత్రం అలాగే ఉంది. క్రిస్మస్ క్రాకర్స్‌కి (రెండు వైపులా లాగితే చిన్నగా పేలే కాగితపు గొట్టాలు) వయసు ఎప్పుడో 12కి దిగింది, టిల్ ఇంకా 16 అంటోంది. 0.5 శాతం లోపు ఆల్కహాల్ ఉన్న బీర్ చట్టం లెక్కలో అసలు మందే కాదు, దానికీ 18.

చట్టం మారినప్పుడు కొత్త నిబంధన చేర్చడానికి అందరూ పరిగెడతారు, పాతది తీయడానికి ఎవరూ రారు. తీస్తే పొరపాటవుతుందేమోనన్న భయం, ఉంచితే ఏమీ కాదన్న నమ్మకం.

అయితే నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది జాబితాలో ఉన్నవి కాదు, లేనివి. లైటర్‌లో నింపే బ్యూటేన్ గ్యాస్ డబ్బా. 18 లోపు వాళ్లకి అమ్మకూడదని 1999 నుంచి నిబంధన ఉంది, ఆ గ్యాస్ పీల్చి పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు కాబట్టే అది వచ్చింది. ఈ షాపుల్లో అది హౌస్‌హోల్డ్ గ్రూపులో ఉంది, ప్రాంప్ట్ లేదు. అలాగే సోడియం హైడ్రాక్సైడ్ 12 శాతం, ఆపైన ఉన్న డ్రెయిన్ క్లీనర్. యాసిడ్ దాడుల తర్వాత తెచ్చిన 2019 అఫెన్సివ్ వెపన్స్ యాక్ట్ కింద, 2022 నుంచి 18 లోపు వాళ్లకి అమ్మడం నేరం. దానికీ ప్రాంప్ట్ లేదు. చెంచా ఆగుతోంది, గ్యాస్ డబ్బా దర్జాగా బయటికి పోతోంది.

పని చేసినవి

యజమానికి ఒకటే నియమం చెప్పాను. ప్రాంప్ట్ ఉండాలంటే దాని పక్కన కారణం రాయగలగాలి. చట్టం అయితే ఏ చట్టమో, షాపు నిర్ణయం అయితే ఎందుకో. రాయలేకపోతే ప్రాంప్ట్ తీసేయాలి. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "తీసేసినవాటిలో ఒకటి తప్పైతే?" అన్నారు. "ఉంచినవాటి వల్ల ఏం జరుగుతోందో మీరు తేదీల కాలమ్‌లో చూశారు కదా" అన్నాను. ఆయన వాదన మానేసింది నా మాటకి కాదు, గ్యాస్ డబ్బాకి.

చట్టం ఉన్నవి ఒక గుంపు, షాపు సొంత నియమాలు ఒక గుంపు. సొంత నియమాల్లో ఆయన కొన్ని ఉంచుకున్నారు: లైటర్లు, ఎనర్జీ డ్రింకులు, పారాసెటమాల్. ఎనర్జీ డ్రింకులు 16 లోపు పిల్లలకి అమ్మకూడదని పెద్ద సూపర్‌మార్కెట్లు 2018లో తమంతట తామే పెట్టుకున్నాయి, ఈయనా అదే బాటలో వెళ్లారు. నాకు అభ్యంతరం లేదు. ఒక్క షరతు మాత్రం పెట్టాను: ఆ ప్రాంప్ట్ మీద "షాపు నియమం" అని కనిపించాలి. అప్పటిదాకా స్టాఫ్ అన్నిటికీ "చట్టం అండి" అనేవాళ్లు. కస్టమర్ అక్కడే ఫోన్ తీసి వెతికి, చట్టం కాదని చూపిస్తే ఇక ఆ తర్వాత నిజంగా చట్టం ఉన్న దాన్ని కూడా నమ్మడు.

కత్తెరల మీద గంటసేపు వాదించుకున్నాం. చట్టంలో ఉన్నది కత్తులు, బ్లేడ్లు, గొడ్డళ్లు, ఇంకా మనిషిని గాయపరచడానికే చేసిన పదునైన వస్తువులు. కాగితం కోసే కత్తెర దాంట్లోకి రాదని నా అభిప్రాయం, మొత్తం తీసేద్దామన్నాను. పెద్ద మొన కత్తెరలు మాత్రం ఉంచుదామన్నారాయన. షాపు నియమంగా ఉంచాం. నేను పట్టుబట్టలేదు, ఎందుకంటే రేపు కౌంటర్ దగ్గర దాన్ని సమర్థించుకోవాల్సింది ఆయన మనుషులు. మనసుకి నచ్చని నియమాన్ని ఎవరూ నిలబెట్టరు, నచ్చిందాన్ని తీసేసినా ఊరుకోరు.

తమాషా ఏమిటంటే బటర్ నైఫ్ దగ్గర నేనే గట్టిగా నిలబడాల్సి వచ్చింది. యజమాని ఈసారి ఉత్సాహంగా అదీ తీసేద్దామన్నారు. చట్టం "ఏ కత్తి అయినా" అంటోంది. మడతపెట్టే పాకెట్ నైఫ్‌కి, అదీ పదును అంచు 3 అంగుళాలు మించకపోతేనే మినహాయింపు. భోజనం బల్ల మీద కత్తికి విడిగా మినహాయింపు లేదు. స్కాట్లండ్‌లో అయితే వంటింటి కత్తులు 16 ఏళ్లకే కొనుక్కోవచ్చు, కానీ ఈ షాపులు అక్కడ లేవు. కాబట్టి చెంచాలకి, ఫోర్కులకి తీశాం, కత్తి ఉన్న ప్రతి సెట్టుకీ ఉంచాం. మతిలేనట్టు అనిపిస్తుంది, నిజమే. కానీ టెస్టులో ఫెయిలైంది కత్తి మీదే. ఆ గ్రూపులో మనం సొంత తెలివి చూపించే చోటు కాదది.

25ని 21కి దించుదామన్న ఆలోచన కూడా వచ్చింది. లైసెన్సులు తీసి చదివితే ఒక షాపు లైసెన్సులో చాలెంజ్ 25 షరతుగానే రాసుంది. దాన్ని దాటితే, 18 లోపు వాళ్లకి అమ్మినా అమ్మకపోయినా, షరతు ఉల్లంఘనే ఒక నేరం. మూడు షాపుల్లో స్టాఫ్ అటూఇటూ మారుతుంటారు, ఒక్కో చోట ఒక్కో అంకె గుర్తుపెట్టుకోమనడం అన్యాయం. 25నే ఉంచాం.

తర్వాత టిల్ స్క్రీన్. పుట్టినతేదీ గడి పూర్తిగా తీయించాం. దాని బదులు మూడు బటన్లు: "25 దాటినట్టు స్పష్టంగా ఉంది", "ఐడీ చూశాను", "అమ్మలేదు". స్క్రీన్ పైన పెద్ద అక్షరాలతో, ఏ తేదీన లేదా అంతకుముందు పుట్టి ఉండాలో ఆ రోజు తేదీ. మనసులో లెక్క అక్కర్లేదు, కార్డు మీది తేదీతో పోల్చుకుంటే చాలు. ఒక బుట్టలో మూడు సరుకులున్నా ప్రాంప్ట్ ఒక్కసారే. టిల్ కంపెనీ దీనికి ఆరు వారాలు తీసుకుంది, బిల్లు కూడా గట్టిగానే వేసింది.

మొదటి బటన్ రేపు ఇంకో 1980 అవదా అని నాకూ అనుమానం ఉండేది. ప్రాంప్ట్‌లు తక్కువగా వస్తే మనిషి తలెత్తి చూస్తాడన్నది నా పందెం. దానికి తోడు వారానికోసారి ఒక చిన్న రిపోర్ట్: ఎవరి షిఫ్టులో ఏ బటన్ ఎన్నిసార్లు. శుక్రవారం రాత్రి మొత్తంలో ఒక్క ఐడీ కూడా చూడలేదంటే ఏదో తేడా ఉన్నట్టే. అప్పుడు మేనేజర్ వెళ్లి అరగంట పక్కన నిలబడాలి, అంతే. మెమోలు, వార్నింగులు వద్దన్నాను. మెమో ఇచ్చిన మర్నాడు మళ్లీ అందర్నీ అడగడం మొదలవుతుంది.

కుటుంబాలతో వచ్చేవాళ్ల సంగతి మాటల్లో రాసి పెట్టాం. పక్కన పిల్లలున్నంత మాత్రాన అమ్మకం ఆపకూడదు. పిల్లే సీసా ఎంచుకున్నా, డబ్బు చేతికిచ్చినా, బయట గుంపు ఎదురుచూస్తున్నా అప్పుడు ఆపాలి. 18 లోపు వాళ్ల కోసం పెద్దవాళ్లు మందు కొనివ్వడం నేరమే, కానీ కూతురితో సరుకులకి రావడం కాదు.

ఐడీల జాబితా కూడా పెద్దది చేశాం. అంతకుముందు ఈ షాపుల్లో బ్రిటిష్ పాస్‌పోర్ట్ లేదా బ్రిటిష్ డ్రైవింగ్ లైసెన్స్ మాత్రమే. మందు అమ్మకానికి షరతు అడిగేది ఫొటో, పుట్టినతేదీ, హోలోగ్రామ్ లేదా అల్ట్రావయలెట్ గుర్తు. వేరే దేశం పాస్‌పోర్ట్ చేతిలో పట్టుకున్న పాతికేళ్ల స్టూడెంట్‌ని "ఇది చెల్లదు" అని పంపడానికి కారణమే లేదు. పాస్ (PASS, వయసు రుజువు కార్డులకి ఉండే గుర్తింపు ముద్ర) హోలోగ్రామ్ ఉన్న కార్డుల ఫొటో కౌంటర్ లోపలివైపు అంటించాం.

భయం మిగిలింది. స్టాఫ్‌కి ఫైన్ పడితే తనే కడతానని రాసిస్తానన్నారు యజమాని. వద్దన్నాను. ఆ కాగితం రేపు లైసెన్సింగ్ ఆఫీసర్ చూస్తే, తప్పు చేయండి నేను కడతానని ముందే చెప్పినట్టుంటుంది. బదులుగా, రాసి ఉన్న పద్ధతి ప్రకారం చేసి కూడా పొరపాటు జరిగితే ఉద్యోగం తీయనని, అవసరమైతే లాయర్‌ని పెడతానని రాసిచ్చారు. వీసా భయం నేను తీర్చగలిగింది కాదు. నాకు తెలియని దాని మీద ధైర్యం చెప్పడం మంచిది కాదని, దానికి అర్హత ఉన్న సలహాదారుణ్ణి చూపించి ఊరుకున్నాను.

ఫలితం, మిగిలిపోయినవి

తర్వాతి నాలుగు నెలల్లో వయసు అడిగారన్న ఫిర్యాదులు రెండు. రెండింట్లోనూ అడిగింది సబబే, కొన్నవాళ్లు నిజంగానే పాతికలోపు కనిపించేవాళ్లు. అదే పరీక్ష మళ్లీ చేయిస్తే ఆరుసార్లలో ఐదుసార్లు అడిగారు. ఆరోది సెల్ఫ్ చెకౌట్. అక్కడ మెషిన్‌కి మొహం కనబడదు కాబట్టి అందరికీ ఆగుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, ఒకే మనిషి నాలుగు మెషిన్లకి పరిగెత్తాలి. ఆరోజు ఆ మనిషి దూరం నుంచే చెయ్యి ఊపి ఓకే చేసేశాడు. మందు, కత్తులు టిల్ దగ్గరే కొనాలని ఆ షాపులో బోర్డు పెట్టారు. కస్టమర్లు సగం మంది చదవరు. దానికి నా దగ్గర ఇంకా మంచి జవాబు లేదు.

నేను మొదట దోషి అనుకున్న సూపర్‌వైజర్ సంగతి చెప్పాలి. ఆమె షిఫ్టులో ఫిర్యాదులు ఎక్కువ రావడానికి కారణం, ఆ మూడు షాపుల్లో నోటీసుని అక్షరాలా పాటించింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లు 1980 కొట్టి గొడవ తప్పించుకుంటుంటే ఆమె మాత్రం అడిగి, తిట్లు తిని, కార్డు చూసి కొట్టింది. రిపోర్ట్‌లో రకరకాల తేదీలున్నది ఆమె ఖాతాలోనే. నేను ఆ కాలమ్‌ని షిఫ్టులవారీగా విడదీసి చూసి ఉంటే రెండు నెలల ముందే తెలిసేది. ఆమెకి క్షమాపణ చెప్పాను. ఆమె పెద్దగా పట్టించుకోలేదు, కొత్త బటన్లలో "అమ్మలేదు" మరీ చిన్నగా ఉందని మాత్రం అంది. పెద్దది చేయించాం.

ఇప్పుడు ఇలాంటి ఫోన్ వస్తే నేను మొదట అడిగేది ఫిర్యాదుల ఫైల్ కాదు, టిల్‌లోని సరుకుల జాబితా. రెండోది తేదీల కాలమ్, మనిషి మనిషికీ విడివిడిగా. శిక్షల స్లైడ్ ట్రైనింగ్ చివరికి జరిపాను, అదీ ఒక్క నిమిషం. రిఫ్యూజల్ బుక్ నిండుగా ఉంటే సంతోషపడటం మానేశాను, అందులో ఏ సరుకులున్నాయో చూస్తాను.

చివరిసారి ఆ షాపుకి వెళ్లినప్పుడు పుస్తకం తిరగేశాను. ఆ వారం మొత్తానికి నాలుగే ఎంట్రీలు. ఒకటి మన తెలుగు కుర్రాడి చేతిరాత: "లైటర్ గ్యాస్, రెండు డబ్బాలు. స్కూల్ యూనిఫాం మీద జాకెట్. ఐడీ లేదు. అమ్మలేదు."

"ఏమన్నాడు?" అనడిగాను.

"ఏమీ అనలేదన్నా. అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు."